గోడకు ఆనించిన జాలీ

కంకిపాడు బియ్యం మిల్లులో ఇంజను బెల్టుకు అడ్డుండే ఇనుప జాలీని ఇన్‌స్పెక్టరు వచ్చే రోజే బిగించేవాళ్లం. ఆయన వెళ్లగానే యజమాని సైగ చేసేవాడు. విప్పి గోడకు ఆనించేది నేనే. పంతొమ్మిది వందల నలభై ఆరులో నా భార్య అమలమ్మ కొంగు ఆ బెల్టులో పడింది. మనిషి దక్కలేదు. యజమానినీ, నన్నూ నేను క్షమించలేదు.

ఏడాది తర్వాత ఒక రాత్రి, లాంతరు వెలుగులో తవుడు దుమ్ము మంచులా తేలుతోంది. కొత్త కూలీ సువార్తమ్మ ఇంకా జాలీ లేని ఆ బెల్టు పక్కన వంగింది. కొంగు జారింది. నేను కేక వేసేలోపే, ఎవరో లాగి దోపినట్టు, అది ఆమె నడుముకు బిగిసింది.

"ఆవిడెవరు బాబాయ్? నా కొంగు దోపి, తిట్టుకుంటూ పోయింది!"

ఆ రాత్రి మిల్లులో ఇంకో ఆడమనిషి లేదు.

"ఎవర్ని తిట్టింది?"

"నిన్నే. ఈసారైనా జాలీ బిగించమంది."

పానా కోసం చెయ్యి చాచాను. అది అప్పటికే నా గుప్పిట్లో ఉంది, వెచ్చగా.