నలభై గజాల తీర్పు

అమెరికాలోని విస్కాన్సిన్ వేటగాళ్ల పత్రికలో బాణపు ములుకుల మంచిచెడ్డలు తేల్చి రాసేవాడు హార్లన్. అతని పాత స్నేహితుడు డ్వైట్, తన షెడ్డులో అమ్మకానికి సొంతంగా చేసిన, మడత పడని పదును రెక్కల ములుకులు తెచ్చి, పరీక్షించి రాయమని అతని చేతిలో పెట్టాడు.

పదునుకు వంక పెట్టలేం. కానీ నలభై గజాల నుంచి హార్లన్ వేసిన ఆరు బాణాలూ గురికి జానెడు ఎడమగా దిగాయి.

“నీ విల్లు ఓసారి చూసుకోరా,” అన్నాడు డ్వైట్.

“ఇరవై ఏళ్లుగా వేస్తున్నా. నాకే పాఠాలా?”

‘ఈ ములుకు జింకను చంపదు, కుంటిదాన్ని చేస్తుంది’ అని హార్లన్ పత్రికలో రాశాడు. డ్వైట్‌కు ఆర్డర్లు ఆగిపోయాయి. రెండు నెలలు చూసి, డ్వైట్ ములుకులు చేసే యంత్రాలు అమ్మేసి మాంసం ఫ్యాక్టరీలో చేరాడు.

మంచు మొదలయ్యాక అతనే హార్లన్ ఇంటికి వచ్చాడు.

“నీ మీద కోపమేం లేదురా. అందరూ నా మొహం చూసి మెచ్చుకున్నారు. నిజం చెప్పింది నువ్వొక్కడివే. లేకపోతే ఎన్ని జింకల ఉసురు తగిలేదో నాకు!”

హార్లన్ కాఫీ పోసి ఇచ్చాడు.

అప్పట్లో ఆ పత్రిక వచ్చిన వారానికే హార్లన్ వేరే కంపెనీ ములుకులు వేసి చూశాడు. అవీ జానెడు ఎడమకే పోయాయి. వింటి మీద బాణం ఆనే పీట వదులై పక్కకు జరిగి ఉంది. దాన్ని బిగించి డ్వైట్ ములుకులు మళ్లీ వేస్తే, ఆరూ గురి మధ్యలోనే దిగాయి.

అప్పటికి డ్వైట్ ఇంకా యంత్రాలు అమ్మలేదు.