ముందెక్కినవాడు

వాగు అవతల, ఓక్ చెట్ల గుంపులో, మనిషెత్తుకు మూడింతల పైన ఎర్ర లైటు వెలిగింది. ఆరింది. మళ్ళీ వెలిగింది.

వెండెల్ ఒడ్డునే ఆగిపోయాడు. టైము ఐదూ పది. వీపు మీద విల్లు, చెట్టెక్కే ఇనప మెట్లు, నడుముకి బిగించుకుని మానుకి వేలాడే జీను, అన్నీ కలిపి ఒక మోస్తరు గేదె బరువుంటాయి. ఇంత మోసుకొస్తే తన చోటు ఇంకెవడో కొట్టేశాడు.

ఆ అడవిలో వేటగాళ్ళకో మర్యాద ఉంది. చెట్టు మీదున్నవాడు ఎర్ర లైటు రెండు సార్లు వెలిగిస్తాడు, నేనున్నానని. వచ్చినవాడు నోరు మెదపకుండా తన లైటు ఆర్పేసి వెనక్కి తిరగాలి. అక్కడ నిలబడి మాట్లాడాడా, జింకలన్నీ పక్క రాష్ట్రానికి పోతాయి. ఆ మనిషితో చచ్చేదాకా ఎవరూ కాఫీ తాగరు.

వీడు మాత్రం రెండుతో ఆపలేదు. ఇరవై సార్లు వెలిగించాడు.

"తెలిసింది లేరా నాయనా. క్రిస్మస్‌కి ఇంకా నెలుంది," అని గొణిగి వెండెల్ లైటు ఆర్పేశాడు. వాగు హోరులో ఆ గొణుగుడు అతనికే వినపడలేదు.

ఇంటికొస్తే అక్క మార్లిస్ పెనం మీద జింక మాంసం సాసేజీలు వేయిస్తోంది. ఆవిడ వేటాడిన జింకల తలలు పదకొండు, గోడ మీద నుంచి వెండెల్‌నే చూస్తుంటాయి. అందుకే ఆ గోడకి వీపు పెట్టుకుని తింటాడు.

"ఎన్నింటికెళ్ళావురా?"

"ఐదూ పది."

"ఇంకేం, మధ్యాహ్నం భోంచేసి వెళ్ళాల్సింది! తెల్లారేది ఆరున్నరకి. గంటన్నర ముందు మాను కిందుండాలి. ఎక్కడానికి అరగంట. చెమట ఆరడానికి అరగంట. నువ్వు చేసిన చప్పుడు అడవి మర్చిపోవడానికి ఇంకో అరగంట. తొమ్మిదేళ్ళ నుంచి వేలాడుతున్నావు, ఈ లెక్క బుర్రకెక్కదా?"

"నా జింక పోతు ఆ ఓకుల కిందే వాగు దాటుతోందక్కా. పది మొనల కొమ్ములు. శనివారం నుంచి తుపాకీ వేట మొదలు, వాళ్ళు దిగితే ఇక దాని తోక కూడా కనపడదు. ఇంకా రెండు పొద్దులే ఉన్నాయి."

"ఎవడ్రా ఆ చెట్టెక్కింది?"

"ఏమో. రోడ్డు పక్కన ఒక్క బండీ లేదు. పడవలో వచ్చాడో, గద్ద ఎత్తుకొచ్చి దింపిందో."

"రేపు నాలుగింటికి పో. గద్దలు లేవక ముందే."

మర్నాడు నాలుగింటికే వెళ్ళాడు. ఎర్ర లైటు ఉంది.

ఈసారి మసగ్గా, ఆగి ఆగి వెలుగుతోంది. వెండెల్ మర్యాదగా తన లైటు ఆర్పి తిరిగాడు. యాభై అడుగులు నడిచి వెనక్కి చూస్తే, చెట్ల సందుల్లోంచి అది ఇంకా వెంటపడుతూనే ఉంది. ఎవరో పిలిచినట్టనిపించింది. వాగు హోరేలే అనుకుని అడుగుల వేగం పెంచాడు. వేగం అంటే, గేదె బరువుతో సహా, బండి దాకా పరుగే.

"వాడు మనిషి కాదక్కా. దెయ్యం," అన్నాడు కాఫీ కప్పు రెండు చేతులా పట్టుకుని.

"దెయ్యాలకి వేట లైసెన్సు ఇవ్వర్రా. దగ్గరికెళ్ళి ఎవరని అడగలేకపోయావా?"

"చెట్టు మీదున్నవాణ్ణి పలకరిస్తారా ఎక్కడైనా? నువ్వైతే పలకరిస్తావా?"

మార్లిస్ సాసేజీ తిరగేసింది. "ఛ. నేనెందుకు పలకరిస్తాను?"

"మరి?"

"మరేముంది, రేపు రెండింటికి పో. వాడూ ఎప్పుడో ఒకప్పుడు నిద్రపోవాలిగా."

ఆ రాత్రి వాగు అంచులు గడ్డకట్టాయి.

శుక్రవారం రెండింటికి వెండెల్ ఒడ్డున నిలబడ్డాడు. ఎదురుగా చీకటి. ఐదు నిమిషాలు చూశాడు. తన లైటు రెండు సార్లు వెలిగించాడు. జవాబు లేదు. మూడోసారి కూడా వెలిగించాడు, మర్యాదలో లోటు రాకూడదని. లేదు.

గెలిచాడు! అరవలేక పిడికిలి కొరుక్కున్నాడు.

వాగు దాటి లైటు ఆర్పేశాడు. తన ఓకు బెరడు తడుముకుంటూ, మెట్టు మీద మెట్టు బిగించుకుంటూ, అరగంటలో ఎక్కేశాడు. తాడు మానుకి చుట్టి జీనులో వెనక్కి వాలాడు. ఇక నాలుగు గంటలు వేలాడాలి. చలికి మీసం గాజులా బిగుసుకుంది, తుమ్మితే పగిలేట్టుంది.

కానీ ఎక్కడో తాడు కిర్రుమంటోంది. వెండెల్ ఊపిరి బిగబట్టి కదలకుండా కూర్చున్నాడు. అయినా కిర్రుమంటూనే ఉంది. గాలి వీచినప్పుడల్లా, తన తాడు కాకుండా, ఇంకో తాడు.

"కొమ్మలే," అని తనకి తనే చెప్పుకున్నాడు. రెండు వందల సార్లు చెప్పుకున్నాక తెల్లారింది.

అప్పుడొచ్చింది పోతు. వాగు నీళ్ళు కాళ్ళ నుంచి కారుతుంటే, పది మొనల కొమ్ములు వెనక్కి వాల్చి, సరిగ్గా ఓకుల కిందికి. వెండెల్ విల్లు ఎక్కుపెట్టాడు. చెయ్యి వణకలేదు. తొమ్మిదేళ్ళలో మొదటిసారి వణకలేదు.

పోతు చటుక్కున ఆగి తలెత్తింది. వెండెల్ వైపు కాదు, పక్క చెట్టు వైపు. బుస్సుమని, తెల్ల తోక ఎగరేసి, ఒక్క దూకులో మాయమైంది.

వెండెల్ విల్లు దించి పక్కకి చూశాడు.

పదిహేను అడుగుల దూరంలో, తన ఎత్తులోనే, ఇంకో జీనులో ఒకడు కూర్చుని ఉన్నాడు. గడ్డం నిండా, తెరిచిన కళ్ళ మీదా మంచు. కుడి చెయ్యి మోచేతి దగ్గర వంగకూడని వైపు వంగి ఉంది. అతను ఎక్కిన ఇనప మెట్లు ఊడిపోయి కింద ఆకుల్లో పడి ఉన్నాయి. తాడు మీదుగా వెండెల్ రోజూ వచ్చే దారి వైపు చాచిన ఎడమ చేతిలో, ఆరిపోయిన ఎర్ర లైటు మీటని బొటనవేలు ఇంకా నొక్కే ఉంది.