శుక్రవారం గడువు

టైటస్ సమాధిలో అతని బూట్లు మాత్రమే ఉన్నాయి.

అతడు చమురు ఓడలో పనిచేసేవాడు. జలసంధి దాటుతుండగా ఆ ఓడకు క్షిపణి తగిలింది. దేహం దొరకలేదు. విడవలూరులో తండ్రి హెబ్రోను, కొడుకు ఇంట్లో వదిలివెళ్ళిన బూట్లను పెట్టెలో పెట్టి పూడ్చాడు.

జలసంధికి ఉత్తరాన ఒక దేశం, దక్షిణాన ఒక దేశం. నడుమనున్న ఒక రాతి దీవి తమదంటే తమదని ముప్పై ఏళ్ళు మాటలతో కొట్టుకున్నాయి. ఆ మార్చిలో క్షిపణులు అందుకున్నాయి. నెల తిరక్కముందే చెరొక వైపు మరో మూడేసి దేశాలు చేరాయి.

ఓడను కొట్టింది మీరంటే మీరని రెండూ ప్రకటించాయి. టీవీలో ఒక విశ్రాంత సైనికాధికారి, ఉత్తర దేశమే అన్నాడు.

హెబ్రోనుకు అది చాలింది.

శుక్రవారం ఉపవాస కూడికకు విశ్వాసులు తమ విన్నపాలను చీటీల మీద రాసి ఇస్తారు. పాస్టరు చదువుతారు. అందరూ ఆమెన్ అంటారు.

హెబ్రోను చీటీలో ఒకే వాక్యం ఉంది: ‘ఉత్తర దేశం కాలిపోవాలి, అక్కడి తండ్రులు కొడుకుల కోసం బూడిదలో వెతుక్కోవాలి.’

“ఇట్టాంటివి చదవకూడదన్నా,” అన్నారు పాస్టరు హెన్రీ.

“బూట్లకి సమాధి ప్రార్థన చేసింది మీరే గదయ్యగారూ. ఇది గూడా చదవండి.”

చదివారు.

అందరికన్నా గట్టిగా ఆమెన్ అన్నది రెబెక్కమ్మ. ఆమె కూతురు లిల్లీ దక్షిణ దేశపు రాజధానిలో, ఒకరింట్లో వంటమనిషి.

యుద్ధం ఆరో వారంలో ఉత్తర దేశపు రేవుపట్టణం ఒకటి తగలబడింది. మృతులు నాలుగు వేలు. టీవీలో ఒక ముసలివాడు ఇటుకలు తొలగిస్తూ ఎవరినో పేరు పెట్టి పిలుస్తున్నాడు.

హెబ్రోను శబ్దం పెంచాడు.

శుక్రవారం కూడికలో లేచి, దేవుడు తన మొర విన్నాడని సాక్ష్యం చెప్పాడు.

“రెబెక్కమ్మక్క ఆమెన్ రాకెట్టుకన్నా దూరం పోతాదే!” అంది వెనుక వరుసలోంచి ఆనందకుమారి.

అందరూ నవ్వారు. కొడుకు పోయాక మొదటిసారి హెబ్రోను కూడా నవ్వాడు.

తరువాతి బుధవారం ఓడ యజమానుల నుంచి విచారణ నివేదిక వచ్చింది. శకలాల మీది గుర్తులు దక్షిణ దేశానివి. ఓడను శత్రువుదనుకొని కొట్టారు. ఆ దేశమే ఒప్పుకుంది.

హెబ్రోను దానిని రెండుసార్లు చదివాడు. కొత్త చీటీ తీసుకొని పాత వాక్యమే రాశాడు. ఒక్క మాట మార్చి, పాస్టరుకు ఇచ్చివచ్చాడు.

సాయంత్రానికి ఆ సంగతి తెలిసి రెబెక్కమ్మ గుమ్మంలో నిలబడింది.

“అన్నా, మా లిల్లీ ఉండాది ఆడ.”

“తెలుసు.”

“ఉత్తరానోళ్ళ మీదైతే ఎన్ని శుక్రవారాలైనా ఉపాసముంటా. ఆ చీటీ ఎనక్కి తీసుకో అన్నా.”

“నా బిడ్డని చంపింది వాళ్ళు కాదంట గదమ్మా.”

“మరి ఉత్తరాన అంతమంది పోయినారే?”

హెబ్రోను కుర్చీ లాగి ఆమెకు వేశాడు. ఆమె కూర్చోలేదు.

“ఇంకా రెండు రోజులుండాది,” అన్నాడు మెల్లగా. “లిల్లీని పిలిపించుకో.”

“ఇమానాలు ఆపేసినారు గదన్నా!”

“నేనైతే ముందుగా చెప్పినాను, రెబెక్కమ్మా. రేపు నన్ను ఒక మాట అనడానికి లేదు.”