యాపిల్ వేసిన మటన్

గుణదల డాక్టరు కొలెస్ట్రాల్ అన్నప్పట్నుంచీ ముక్క మొహం చూడని శౌరయ్య ముందు భార్య తెరేసమ్మ గిన్నె పెట్టింది. మటన్‌లో యాపిల్ ముక్కలు. ఉప్పూ కారం లేవు.

"యూట్యూబ్‌లో చూసి చేశానండీ. ఒంటికి చాలా మంచిదంట."

శౌరయ్య కళ్ళు చెమర్చాయి. తన ఒంటి గురించి ఆలోచించే మనిషి ఇంట్లోనే ఉంది! చప్పటి కూరని లొట్టలేసుకుంటూ తిన్నాడు.

తెరేసమ్మ ఆయన మొహంలోకే చూస్తూ కూర్చుంది. "కడుపులో ఏమీ తేడాగా లేదు కదా?"

"బ్రహ్మాండంగా ఉంది. ఇంకాస్త వెయ్యి."

"ఇంకెక్కడండీ? మిగిలిందంతా మన బ్రూనోగాడికి. వాడిది అసలే సున్నితమైన పొట్ట. అందుకే ముందు మీకు పెట్టి చూశా," అంటూ వెళ్ళి కుక్క ముందు గిన్నె పెట్టొచ్చింది.

ఇన్నేళ్ళ కాపురం శౌరయ్య గొంతులో అడ్డం పడింది. "నాకు వికారంగా ఉంది తెరేసా," అన్నాడు.

"అయ్యో ప్రభువా!" అంటూ తెరేసమ్మ పరిగెత్తుకెళ్ళి, కుక్క ముందున్న గిన్నె లాగేసింది.