ఈ పూట వాక్యం

తన ఆపరేషన్‌కి అమలాపురం బయల్దేరే ముందు ప్రార్థన చేసుకుందామని సరోజిని బైబిలు తెచ్చింది. లోకజ్ఞానమంతా జేబులో పెట్టుకు తిరిగే ఆమె భర్త, ఏలీయా మాస్టారు, మూతి విరిచారు.

"ఇంకా ఆ పాత పుస్తకమేనా? మనిషికేం కావాలో కనిపెట్టి అదే పంపుతుంది నా ఫోను. నీ మొహం, నీకేం తెలుస్తుందిలే!"

"ఆయ్. అయితే ఈ పూట బైబిలు వాక్యం అందులోదే చదవండి."

కళ్లజోడు వెతుక్కునే ఓపిక లేక, "నువ్వే చదువు" అని ఫోను ఆమె ఒళ్లో పడేశారు. అంతలోనే అది మోగింది. సరోజిని పైకే చదివింది.

"ఏలీయా గారూ, మీరు కోరినట్టే, భార్య చనిపోయిన మాస్టార్లకు రాజోలు వైపు మూడు కొత్త పెళ్లిసంబంధాలు."

మాస్టారు ఫోను లాక్కోబోయారు.

సరోజిని తలమీద కొంగు సర్దుకుంది. "మీ వాక్యం చదివేనండి. ఆమెన్ అనండి మరి."