పెద్దలకు పోసే సారా

"ఆ సారా పొయ్యి తాతా! అవతల మంత్రిగారు ఎండలో మాడిపోతున్నారు," అన్నాడు సర్కారీ పెట్రోలు కంపెనీ చైర్మన్ ఇనాటిమి.

నైజర్ నది పాయ ఒడ్డున రిఫైనరీ పునఃప్రారంభ సభలో, పెద్దల పేర నేలమీద పోయాల్సిన సారా గ్లాసుతో నిలబడ్డ ఊరిపెద్ద ఎబిమో కదల్లేదు. "పోస్తూ మన పోయిన పెద్దలకు ఏం చెప్పమంటావు?"

"ఏముంది? మన రిఫైనరీ మళ్లీ నడుస్తోందని."

"నడుస్తోందా? సారా చేతిలో ఉండగా పెద్దలతో అబద్ధం ఆడకూడదు నాయనా. నీకు ముందొచ్చిన చైర్మన్లకూ ఇదే చెప్పా."

ఇనాటిమి పళ్లు కొరికి మైకు అందుకున్నాడు. "ప్రజలారా!" అనేసరికి మైకు మూగబోయింది. జనరేటర్లో పెట్రోలు అయిపోయింది.

"తాతా, ఊళ్లో పెట్రోలు దొరుకుతుందా?" అన్నాడు గొంతు తగ్గించి.

"మడ అడవిలో మావాళ్లు దొంగబట్టీలు పెట్టి ముడిచమురు కాచి పెట్రోలు తీసేవాళ్లు. మొన్న నువ్వే పోలీసుల చేత తగలబెట్టించావుగా! ఒక్క డబ్బా మిగిలింది."

ఇనాటిమి మంత్రి వైపు చూశాడు. "తెప్పించు తాతా, నీ కాళ్లు పట్టుకుంటా."

జనరేటర్ గుర్రుమంది. ఇనాటిమి గొంతు ఖంగుమంది: "ఈరోజు మనల్ని నడిపిస్తున్నది ఈ గడ్డ మీద కాచిన పెట్రోలే!"

రాసుకొచ్చిన మాటే. పైకి అన్నాకగానీ అది ఏ పెట్రోలు గురించో అతనికి అర్థం కాలేదు.

"ఇదీ నిజమంటే," అని తాత సారా నేలమీద పోశాడు.