నుదుటి మీది చూపు

కొత్తగా బతుకు మొదలుపెట్టేవాళ్ళకి పని నేర్పే తోడు కేంద్రంలోకి వెళ్ళేవాళ్ళు చెప్పులతోపాటు కళ్ళద్దాలూ గుమ్మం దగ్గరే విడవాలి. ఎదుటివాళ్ళ గతాన్ని నుదుటి మీద చూపించే ఆ అద్దాలు లేకుండా మా ఊళ్ళో ఎవరూ గడప దాటరు. వంట రుచి చూసే అతిథిగా వెళ్ళిన నేనూ విడిచాను. కానీ అదే పని చేసే పల్చటి పొర ఒకటి కంటిలోపల ఉంచుకున్నాను. వండిన చెయ్యి ఎవరిదో తెలియకుండా తినకూడదని మా ఇంటి నియమం.

పైడితల్లి పులిహోర వడ్డించింది. వణికే చేతులతో వచ్చిన ఆమె ఎనిమిది నెలల్లో ఇక్కడే వంట నేర్చుకుందట. అతిథులు తిని మాట చెబితే రేపటినుంచి కాలేజీ క్యాంటీన్లో ఉద్యోగం. ఆమె నుదుటి మీద "మానసిక ఆసుపత్రి, ఏడేళ్ళు" అని వెలిగింది. కలిపిన ముద్ద నా చేతిలోనే ఆగిపోయింది.

"ఎలా ఉందండీ?" అంది ఆమెకు వంట నేర్పిన టీచరమ్మ, అతిథుల మాట రాసుకోవడానికి సిద్ధమై.

"చాలా బాగుందమ్మా," అన్నాను.

"తిన్నేదు కదా బాబూ!" పైడితల్లి నవ్వేసింది. "ఒచ్చిన కాడినుంచి నా నుదురే సూస్తన్నారు. రాయకండి టీచరమ్మా, ఉత్తుత్తి మాట నాకొద్దు."

రోజూ తీర్థప్రసాదాలు పుచ్చుకుంటాను. నా గతమేమిటని దేవుడు ఎన్నడైనా అడిగాడా? అందరి ముందూ పొర తీసి ఆకు పక్కన పెట్టి తిన్నాను. తల ఎత్తలేక, "ఉప్పు కాస్త తక్కువైంది," అన్నాను.

"ఇప్పుడు రాయండి," అంది పైడితల్లి.